ఐదు వేల కథ సగమే రాస్తున్నారు

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రముఖ షేర్ మార్కెట్ మదుపరి రాకేష్ ఝున్‌ఝున్‌వాలా 2022 ఆగస్టు 14న కన్నుమూశారు. ఇప్పటికీ బిజినెస్ పేజీల్లో, యూట్యూబ్ వీడియోల్లో ఆయన పేరు కనిపిస్తూనే ఉంది. శీర్షిక మాత్రం దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘5 వేలతో మొదలై వేల కోట్లకు’. డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పేవాణ్ణి కాబట్టి ఈ శీర్షిక మా పిల్లల్ని ఎటు లాక్కెళ్తోందో దగ్గర్నుంచి చూస్తున్నాను. ఆయనంటే నాకు గౌరవం ఉంది. అందుకే ఆయన కథ మొత్తం రాయమని అడుగుతున్నాను.

1985లో ఆయన 5 వేల రూపాయలతో మార్కెట్‌లోకి వచ్చిన మాట నిజం. అప్పటికి మార్కెట్ సూచీ సెన్సెక్స్ 150 దగ్గర ఉంది. కానీ దానికి ముందు జరిగింది ఎవరూ రాయరు. ఆయన తండ్రి ఆదాయపన్ను శాఖ అధికారి. షేర్ల ధరలు ఎందుకు మారతాయని కొడుకు అడిగితే, రోజూ పేపరు చదువు, వార్తలను బట్టే ధరలు కదులుతాయని చెప్పారట. మార్కెట్‌కి వెళ్తానంటే ముందు ఒక వృత్తి చేతికి రావాలన్నారు. తాను డబ్బివ్వనన్నారు, స్నేహితుల దగ్గర అప్పు చేయొద్దన్నారు. కొడుకు చార్టర్డ్ అకౌంటెన్సీ పూర్తి చేశాకే, ముంబై స్టాక్ మార్కెట్ ఉన్న దలాల్ స్ట్రీట్‌లో అడుగుపెట్టాడు. అక్కడ దెబ్బతింటే సీఏగా బతకొచ్చు. తలదాచుకోవడానికి ముంబైలో తండ్రి ఇల్లుంది. ఈ రెండూ ఉన్న మనిషి 5 వేలకూ, ఏ ఆధారమూ లేని కుర్రాడి 5 వేలకూ చాలా తేడా ఉంది.

ఆయన మొదటి పెద్ద లాభం 1986లో టాటా టీ మీద వచ్చింది. 43 రూపాయల చొప్పున 5 వేల షేర్లు కొన్నారు, మూడు నెలల్లో ధర 143కి చేరింది. ఇక్కడ పాఠకులు చిన్న లెక్క వేసి చూడాలి. ఆ షేర్లకు 2 లక్షల 15 వేల రూపాయలు కావాలి. చేతిలో ఉన్న 5 వేలకు వచ్చేవి 116 షేర్లే. మిగతా డబ్బు కోసం అన్నయ్య క్లయింట్ల దగ్గర, బ్యాంకు డిపాజిట్ల కంటే ఎక్కువగా 18 శాతం ఇస్తానని చెప్పి తీసుకున్నారు. ఆ షేరు పడిపోయి ఉంటే ఏమయ్యేదో మా విద్యార్థులకు ఎవరూ చెప్పడం లేదు.

ఆయన ట్రేడింగ్ (తక్కువ రోజుల్లో కొని అమ్మడం) చేయలేదని నేననను. ట్రేడింగ్‌లో సంపాదించిందే తన పెట్టుబడులకు మూలధనమైందని ఆయనే చెప్పుకున్నారు. బ్రోకర్ హర్షద్ మెహతా షేర్ల ధరలను ఎగదోసిన రోజుల్లో బేర్ల (ధరలు పడతాయని నమ్మేవాళ్ల) పక్షాన నిలబడి, ముందు అమ్మి ధర తగ్గాక కొనే షార్ట్ సెల్లింగ్‌లోనూ సంపాదించారు. కానీ ఆయన సంపదలో సింహభాగం ఓపికగా అట్టిపెట్టుకున్న షేర్లది. గడియారాలు, నగల కంపెనీ టైటాన్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోని 2002-03లో కొన్నారు. తర్వాత ఉచితంగా వచ్చిన బోనస్ షేర్లను, ఒక షేరును చిన్న షేర్లుగా విడగొట్టిన స్ప్లిట్‌లను లెక్కలోకి తీసుకుంటే ఆ ధర దాదాపు 3 రూపాయలు. 2008లో మార్కెట్ కుప్పకూలినప్పుడు కూడా దాన్ని పూర్తిగా వదులుకోలేదు. మన హైదరాబాద్ నిర్మాణ కంపెనీ ఎన్‌సీసీలోనూ ఏళ్ల తరబడి పెద్ద వాటా ఉంచుకున్నారు. గృహరుణాల కంపెనీ డీహెచ్ఎఫ్ఎల్ లాంటి చోట్ల పోగొట్టుకున్నారు కూడా. ఆప్‌టెక్ షేర్లలో ఇన్‌సైడర్ ట్రేడింగ్ (బయటికి రాని లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడం) ఆరోపణల మీద 2021లో ఆయన, కుటుంబసభ్యులు, మరికొందరు కలిసి 37 కోట్లకు పైగా చెల్లించి, తప్పు ఒప్పుకోకుండా, కాదనకుండా మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీతో సెటిల్ చేసుకున్నారు. మరణానంతరం వచ్చిన పద్మశ్రీ గురించి రాసినప్పుడు ఇదీ రాయాలి.

మొన్న మా రెండో ఏడాది విద్యార్థి ఒకడు క్లాసులో బల్ల కింద ఫోన్ పెట్టుకుని టెన్షన్‌గా చూస్తున్నాడు. ఆ రోజు నిఫ్టీ సూచీ ఆప్షన్ల గడువు తీరే రోజు, అంటే ఎక్స్‌పైరీ. టెలిగ్రామ్ ఛానల్‌లో ఎవరో చెప్పిన కాల్ ఆప్షన్ (గడువులోగా సూచీ పెరిగితే లాభమిచ్చే కాంట్రాక్టు) 38 రూపాయలకు కొన్నాడు. రెండున్నరకు అది 6కి దిగింది. మార్కెట్ మూసేసరికి సున్నా. అది ఇంట్లోవాళ్లు హాస్టల్ ఫీజుకని పంపిన డబ్బు. పక్కకు పిలిచి మందలిస్తే, ‘ఝున్‌ఝున్‌వాలా కూడా రిస్క్ తీసుకున్నాడు కద సార్’ అన్నాడు. షేరు పడితే ఏళ్ల తరబడి ఎదురుచూడొచ్చు, కొన్న ఆప్షన్ గడువు దాటితే ఎదురుచూడటానికి చేతిలో ఏమీ మిగలదు. ఈ చిన్న విషయం కామర్స్ చదివే పిల్లాడికే తెలియలేదంటే అందులో మా అధ్యాపకుల బాధ్యతా ఉంది, మీ బాధ్యతా ఉంది.

వాడొక్కడే కాదు. 2021-22 నుంచి 2023-24 వరకు ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్)లో దిగిన కోటి మందికి పైగా వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనమే తేల్చింది. మూడేళ్లలో పోయింది 1.8 లక్షల కోట్లకు పైమాటే. 2023-24లో ట్రేడ్ చేసినవాళ్లలో 43 శాతం మంది 30 ఏళ్లలోపు వాళ్లు. ఆ తర్వాత సెబీ కాంట్రాక్టు కనీస విలువను 15 లక్షలకు పెంచింది, వారం వారం ఎక్స్‌పైరీలను తగ్గించింది. అయినా 2024-25లోనూ వ్యక్తిగత ట్రేడర్లకు లక్ష కోట్లకు పైగా నష్టం వచ్చింది. నిబంధనలు ఎంత అవసరమో, తెలుగులో సరైన సమాచారం కూడా అంతే అవసరం.

అందుకే మిమ్మల్ని కోరుతున్నాను. ఇలాంటి కోటీశ్వరుల కథ వేసిన ప్రతిసారీ, అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో సెబీ చెప్పిన నష్టాల లెక్క కూడా వేయండి. ఎంత అప్పు చేశారో, ఎన్నేళ్లు ఆగారో, ఎక్కడ పోగొట్టుకున్నారో రాయండి. జిల్లా పేజీల్లో ‘ఇంట్లో కూర్చుని నెలకు లక్ష’ అంటూ వచ్చే ట్రేడింగ్ టిప్స్ ప్రకటనలు తీసుకునే ముందు ఆ ఇచ్చేవాళ్లను సెబీ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. నంబరు నిజమో కాదో సెబీ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. లేదంటే ఆ ప్రకటన వేయకండి.

– ఒక కామర్స్ అధ్యాపకుడు, తెనాలి