న్యూ మ్యాడ్రిడ్ ట్రిప్పులో సరస్సు ఎందుకు ఎగిరిపోయిందంటే

పోయిన శనివారం సెయింట్ లూయిస్ నుంచి నాతో మిస్సోరీలో మిసిసిపీ నది ఒడ్డునున్న న్యూ మ్యాడ్రిడ్ ఊరికి వచ్చినవాళ్ళకీ, వచ్చే ట్రిప్పుకి డబ్బు కట్టినవాళ్ళకీ రాస్తున్నాను. రీల్‌ఫుట్ సరస్సు చూపిస్తానన్నాను, చూపించలేదు. మాట ఇచ్చింది నేను, కాబట్టి తప్పూ నాదే.

కానీ వ్యాన్ సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. శుక్రవారం సాయంత్రం అడిగితే "ఏడింటికల్లా మీ ముందుంటుంది" అన్నాడు అద్దెకిచ్చే ఆయన. ఏడున్నరకి ఫోన్ ఎత్తలేదు. ఎనిమిదిన్నరకి "దారిలో ఉంది" అన్నాడు. బండి వచ్చేసరికి పదీ పది. ఈలోగా పార్కింగ్ లాట్‌లోనే మీ పులిహోర డబ్బాలు ఖాళీ అయిపోయాయి. నాలుగేళ్ళుగా అడ్వాన్సు ఒక్కరోజు ఆలస్యం చెయ్యలేదు నేను. ఆ నోట ఒక్క సారీ రాలేదు. ఇక ఆయన బండి ఎక్కేది లేదు.

అక్కడ దిగేసరికి ఒంటిగంట దాటింది. రాత్రి ఎనిమిదికల్లా పిల్లల్ని ఇళ్ళకి చేర్చాలి. సరస్సు నదికి అవతల, టెనెసీలో ఉంది. ఊరి దగ్గర వంతెన లేదు, కరూథర్స్‌విల్ దాకా కిందికి పోయి చుట్టు తిరగాలి. ఊరా, సరస్సా? వ్యాన్ తలుపు పట్టుకుని పది నిమిషాలు టెన్షన్ పడ్డాను, మీరంతా చూశారు. చివరికి ఊరే అన్నాను. 1811-12లో ఆ ఊరి చుట్టుపక్కల వరసగా వచ్చిన భూకంపాల్లో, 1812 ఫిబ్రవరి 7న వచ్చినదానికి నేల కుంగి ఏర్పడిన సరస్సు అది. ఆ కథ మ్యూజియంలో వినకుండా వెళితే నీళ్ళలో నిలబడ్డ సైప్రస్ చెట్లే కనిపిస్తాయి.

"మూడు గంటలు కూర్చోబెట్టి గట్టు చూపించాడు" అన్నారట ఒకరు. అయ్యా, ఆ భూకంపాలప్పటి పాత ఊరి స్థలాన్ని నది ఎప్పుడో మింగేసింది. ఊరి పక్క నది గట్టు మీది డెక్ నుంచి మీరు ఫొటోలు తీసుకున్నది ఆ నదికే. భూకంపానికి మిసిసిపీ కొన్ని గంటలపాటు వెనక్కి పారిందని చెప్పుకునేది అక్కడే.

అరవై డాలర్లలో పాతిక వెనక్కి పంపేశాను. మళ్ళీ వచ్చేవాళ్ళ దగ్గర సరస్సుకి పైసా తీసుకోను. ఈసారి బండి ముందురోజు రాత్రే నా ఇంటి ముందు ఉంటుంది. ముందు సరస్సు, తర్వాత ఊరు.

గట్టు మాత్రం తీసెయ్యను.