రక్షణ మంత్రి గారికి ఆటోనగర్ నుంచి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రక్షణ శాఖ మంత్రి గారికి,

మీ శాఖ పరిధిలోని ఒక సంస్థ టెండరు విషయమై పంపిన అర్జీలకు 'పరిశీలనలో ఉంది' అన్న జవాబు తప్ప మరొకటి రానందున, విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుకుంటున్న నేను ఈ లేఖ రాస్తున్నాను.

సైనిక వాహనాల వెనుక తలుపులకు బిగించే కీళ్లు, గడియల కోసం పిలిచిన ఆ టెండరులో మా బిడ్‌ను సాంకేతిక పరిశీలనలోనే తోసిపుచ్చారు. పోర్టల్‌లో చూపిన కారణం 'అనుభవ ధ్రువపత్రం సమర్పించలేదు' అన్న ఒక్క ముక్క. అయ్యా, ఆ పత్రం మేము అప్‌లోడ్ చేశాము. పైగా దాన్ని మాకు ఇచ్చింది ఆ సంస్థే. గతంలో అవే కీళ్లు మా దగ్గర కొని, తనిఖీ చేసి, సరుకు సరిగా ఉందని రాసి, గుండ్రటి ముద్ర వేసి, సంతకం పెట్టి ఇచ్చిన కాగితమది. తమ ముద్రను తామే పోల్చుకోలేని ఆ పరిశీలన ఎంత నిశితంగా సాగిందో తమరికి వేరే చెప్పనక్కర్లేదు.

అభ్యంతరం పెడితే దాన్ని చదివేదీ తిరస్కరించినవారే. వారు చదివేలోగా ధరల బిడ్లు తెరిచారు, ఎల్-1 (అందరికన్నా తక్కువ ధర వేసినవారు) ఎవరో తేల్చారు, సప్లై ఆర్డరు కూడా పంపేశారు. ఆ తరువాత ఫోను చేస్తే, 'ఆర్డరు వెళ్లిపోయింది కదండీ, ఇప్పుడేం చేయగలం' అన్నారు, అదీ ఎంతో మర్యాదగా. ఆర్డరు దక్కినవారి మీద నాకు కోపం లేదు. వారి ధరే తక్కువ కావచ్చు. నా ధర తెరవనే లేదు కనుక అది తేలే దారి లేదు.

తిరస్కరణకు కారణం అడిగితే చెప్పాలని కేంద్ర ప్రభుత్వ ఖర్చులు, కొనుగోళ్లకు వర్తించే 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 173వ నిబంధన చెబుతోంది. కేంద్ర శాఖలు, సంస్థలు తమ కొనుగోళ్లలో ఏటా 25 శాతం సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలన్న విధానమూ ఉంది. 20 కోట్లు దాటిన మూలధన కొనుగోళ్లకైతే స్వతంత్ర పర్యవేక్షకులు ఉంటారు. మా బోటివారి మొర వినేందుకు ఎవరున్నారు? కోర్టుకు వెళ్లమని సలహా ఇస్తారు. హైకోర్టు ఉన్న నేలపాడు మాకు దగ్గరే, కానీ ఈ ఆర్డరు మీద మిగిలేది వకీలు ఫీజుకైనా చాలదు. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో టెండర్లపై అప్పీలుకు చట్టంలోనే చోటిచ్చాయి. కేంద్రం 2012లో తెచ్చిన ప్రభుత్వ కొనుగోళ్ల బిల్లు మాత్రం 2014లో లోక్‌సభ రద్దుతో పాటే మురిగిపోయింది.

ధరల బిడ్లు తెరవకముందే తిరస్కరణ కారణాలు వివరంగా ఇవ్వాలని, బిడ్లను పరిశీలించిన కమిటీతో సంబంధం లేని అధికారి అభ్యంతరం విని తేల్చేదాకా ఆర్డరు ఆపాలని వేడుకుంటున్నాను. ఇదీ 'పరిశీలనలో' పెట్టేటట్లయితే, ఎవరి పరిశీలనలో ఉందో ఆ అధికారి హోదా అయినా తెలియజేయగలరు.

ఇట్లు,
ఒక చిన్న తయారీదారు,
జవహర్ ఆటోనగర్, విజయవాడ