వాకీటాకీ బాక్స్ మీద 10 కి.మీ. అబద్ధం: పెమ్మసాని గారికి బహిరంగ లేఖ

పెమ్మసాని చంద్రశేఖర్ గారికి నమస్కారం అండీ.

మీరు కేంద్రంలో కమ్యూనికేషన్ల సహాయ మంత్రి, పైగా మన గుంటూరు ఎంపీ, అందుకే తెలుగులోనే రాస్తున్నా.

మాది కృష్ణా జిల్లా, రొయ్యల చెరువులు. రాత్రిపూట కరెంటు పోయి చెరువు నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగాయంటే గట్టు మీద కుర్రాడు జనరేటర్ దగ్గరున్న మనిషికి వెంటనే చెప్పాలి, ఫోన్ రింగయ్యి ఎత్తేలోపు ఆక్సిజన్ పడిపోయి రొయ్య తేలిపోద్ది, అదే వాకీటాకీ సెట్టయితే బటన్ నొక్కితే చాలు. అందుకే మా వైపు రైతులు ఇవి కొంటున్నారు. బాక్స్ మీద 10 కి.మీ. అని ఇంతింత లావు అక్షరాలు. నిజంగా ఎంతొస్తుందంటే, ఖాళీ గట్ల మీద ఎదురెదురుగా నిలబడితే ఒకటిన్నర, రెండు కిలోమీటర్లు బానే వస్తుంది. అదే కుర్రాడు వానొచ్చిందని రేకుల షెడ్డులోకి దూరాడా, సగం మాట కరకరలో పోతుంది. ఊళ్ళో డాబాల మధ్యకొస్తే అర కిలోమీటరు దాటితే గొప్పే. సెట్టుని తిట్టి లాభం లేదు, ఆ ఫ్రీక్వెన్సీ గుణమే అంత, దాదాపు కంటిచూపు ఆనినంత మేరే పోతుంది, ఇనుము, కాంక్రీటు, దట్టంగా చెట్లు అడ్డొస్తే ఇంకా తగ్గుద్ది. కొండ మీద నుంచి కిందికి మాట్లాడితే అదే సెట్టు పది కిలోమీటర్లు పోవచ్చు, కంపెనీ వాడు ఆ లెక్కే బాక్స్ మీద కొడతాడు, మా చెరువుల దగ్గర కొండెక్కడిదండీ?

ఇక లైసెన్స్ గోల. 2018 రూల్స్ ప్రకారం 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న పవర్ సెట్లకి లైసెన్స్ అక్కర్లేదు, ఆ మోడల్‌కి డబ్ల్యూపీసీ (ఫ్రీక్వెన్సీలు చూసే కేంద్ర విభాగం) ఇచ్చే ఈటీఏ అనే ఆమోద పత్రం ఉంటే చాలు. మంచి రూలే. కానీ ఆ సెట్టు చెప్పినంత దూరం రావట్లేదని రైతు మళ్ళీ షాపుకి పోతే వాడు ఐదు వాట్ల చైనా సెట్టు చేతిలో పెడతాడు, అది 136 నుంచి 174, 400 నుంచి 520 మెగాహెర్ట్జ్ దాకా ఏ నంబర్ కొట్టినా మాట్లాడేస్తుంది, ఎవరి ఛానల్‌లో దూరుతున్నామో కూడా తెలీదు. లైసెన్స్ సంగతేంటంటే "ఏం కాదు సార్, అందరూ వాడుతున్నారు" అంటాడు. నన్నడిగితే బాక్స్ మీద ఆ దొంగ రేంజే జనాన్ని దొంగ సెట్ల దగ్గరికి తోలుతోంది.

2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ వాకీటాకీల అమ్మకం మీద ఆన్‌లైన్ సైట్లకి గైడ్‌లైన్స్ తెచ్చింది, సంతోషం, మరి బజార్లో షాపుల సంగతేంటి?

మీరు అమెరికాలో చాలా ఏళ్ళున్నారు కాబట్టి మీకు తెలిసే ఉంటుంది, అక్కడ ఎఫ్ఆర్ఎస్ అనే మామూలు జనం వాడే సెట్లకి 2 వాట్ల దాకా లైసెన్స్ అక్కర్లేదు, ఇంకా పవర్ కావాలంటే 35 డాలర్లు కట్టి జీఎంఆర్ఎస్ అనే లైసెన్స్ తీసుకుంటే పరీక్షా గిరీక్షా లేకుండా పదేళ్ళు ఇంటిల్లిపాదీ వాడుకోవచ్చు. (బాక్స్ మీద అబద్ధాలు అక్కడా ఉన్నాయి లెండి, 35 మైళ్ళట.) మనకి అలాంటి నడిమి మెట్టే లేదు. హామ్ (సరదాగా రేడియో వాడేవాళ్ళ లైసెన్స్) పరీక్ష రాసినా దాన్ని వ్యాపారానికి వాడకూడదు, సొంత ఫ్రీక్వెన్సీకి అప్లై చేయడం ఫ్యాక్టరీలకి సరే గానీ పదెకరాల రైతు ఆ కాగితాల వెంట తిరగలేడు.

అందుకని నేనడిగేది, బాక్స్ మీద ఖాళీ నేలలో ఎంత, ఊళ్ళో ఎంత అని వేర్వేరుగా రాయించండి, లైసెన్స్ కావాలో వద్దో పక్కనే తెలుగులో ఉండాలి, షాపుల్లో కూడా. రైతులకీ, వేటకెళ్ళే మత్స్యకారులకీ చిన్న ఫీజుతో కొంచెం పవర్ ఉన్న లైసెన్స్ ఒకటి పెట్టండి. ఇప్పటికే తెలీక తప్పు సెట్లు కొన్నవాళ్ళకి కేసు లేకుండా వాటిని అప్పజెప్పడానికి కొన్నాళ్ళు గడువివ్వండి, లేకపోతే ఎవరూ బయటికి చెప్పరు, గుట్టుగా వాడుకుంటూనే ఉంటారు.

ఇట్లు,
కృష్ణా జిల్లా నుంచి ఒక రొయ్యల రైతు