కిడ్నీ క్యాన్సర్ ఆపరేషన్: పాత స్కాన్ చాలదు

సంపాదకులకు,

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగువారు పెద్ద ఆపరేషన్ అంటే బరంపురానికో విశాఖపట్నానికో వెళ్తారు. కిడ్నీ క్యాన్సర్ రోగుల్లో సుమారు 4 నుంచి 10 శాతం మందికి కణితి సిరలోకి పాకి, శరీరపు దిగువ భాగం నుంచి గుండెకు రక్తం చేర్చే పెద్ద సిరలో గడ్డగా పెరుగుతుంది. ఈ గడ్డ వారాల్లోనే పైకి ఎదగగలదు కనుక, ఆపరేషన్‌కు ముందు మళ్లీ స్కాన్ తీయమంటే అది డబ్బు గుంజే ఎత్తుగడ అని మనవాళ్లు అనుమానించడం తగదు. గడ్డ కాలేయపు సిరలను దాటిందా, గుండె కుడి గదిని చేరిందా అన్నదాన్ని బట్టే గుండె శస్త్రచికిత్స నిపుణుల అవసరం, ఆపరేషన్ వేళ గుండె, ఊపిరితిత్తుల పనిని తాను చేసే యంత్రం అవసరం తేలుతాయి. గడ్డ ముక్క విరిగి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాపాయం. అందుకే మత్తు వైద్యులు అన్నవాహికలోకి దించిన ఎకో గొట్టంతో (ధ్వని తరంగాలతో గుండెను చూపే పరికరంతో) దాన్ని ఆపరేషన్ పొడవునా గమనిస్తుంటారు. రక్తం చాలా యూనిట్లు కావలసి రావచ్చు కాబట్టి, రక్తం ఇవ్వగల బంధువులు వెంట వెళ్లడం మంచిది.

కణితి ఉన్న కిడ్నీని తీసేస్తారు కనుక ఇంటికి వచ్చాక మిగిలేది ఒక్క కిడ్నీయే అయినా, దాన్ని దెబ్బతీయగల నొప్పి మాత్రలను మందుల దుకాణంలో అడిగి కొనే అలవాటు మనకు పోలేదు. కిడ్నీ పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షను, రక్తం పలచబరిచే మందుల పర్యవేక్షణను సరిహద్దు జిల్లాల ఆసుపత్రులలోనే జరిపించాలని, డిశ్చార్జి సూచనలను తెలుగులోనూ ఇప్పించాలని ఆరోగ్యశాఖ అధికారులను కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా