వార్షిక నివేదిక: లోడర్, గ్రాపుల్‌తో మన తొలి ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనిలో సగానికి పైగా ఉమ్మడి ట్రాక్టర్ చుట్టూనే తిరిగింది. దానికి ఫ్రంట్ లోడర్ (ముందు బరువులెత్తే ఇనుప చేతులు), లోడర్ కొసకు గ్రాపుల్ (దవడలా మూసి పట్టుకునే పరికరం) బిగించుకుని గడ్డి చుట్టలు ఎత్తడం మొదలుపెట్టాం. ఇంతకుముందు ఇనుప ముల్లు గుచ్చి మోసేవాళ్లం, ఒక్కో చుట్టను పొలంలోంచి గట్టుకు చేర్చడానికి ఇప్పటికీ అదే తేలిక. కానీ చుట్ట మీద చుట్ట పేర్చాలన్నా, దారం తెగి వదులైపోయిన పాత చుట్టను కదపాలన్నా పైనుంచి దవడ మూసి పట్టుకునే గ్రాపుల్‌కి సాటి లేదు. ఒక్క సంగతి, మనది పళ్లున్న గ్రాపుల్. ప్లాస్టిక్ చుట్టిన సైలేజ్ (గాలి తగలకుండా పులియబెట్టిన పచ్చి మేత) కట్టలను దాంతో ముట్టుకోవద్దు, చిన్న చిల్లు పడినా గాలి దూరి లోపల బూజు పడుతుంది.

ఇక దాచకుండా చెప్పాల్సిన విషయం. మొదటి వారంలోనే, వెనక ఏ బరువూ కట్టకుండా చుట్టను రెండో వరసకు ఎత్తి మలుపు తిప్పుతుంటే వెనక చక్రం నేల విడిచి లేచింది. నడుపుతున్న సభ్యుడు కంగారుపడకుండా లోడర్ దించేశాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు, కానీ అక్కడున్న మాకు ఆ రోజు నిద్ర పట్టలేదు.

ఎందుకలా అయిందో కూర్చుని మాట్లాడుకున్నాం. 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తున్న ఎండుగడ్డి చుట్ట దాదాపు 300 నుంచి 450 కిలోలు తూగుతుంది, తడి ఉంటే ఇంకా ఎక్కువ. కంపెనీ చెప్పే ఎత్తుడు సామర్థ్యం చాలాసార్లు లోడర్ చేతుల చివరి పిన్నుల దగ్గర కొలిచింది, చుట్ట బరువేమో అంతకంటే ముందుకు పడుతుంది, పైగా గ్రాపుల్ సొంత బరువు కూడా అందులోంచే తీసేయాలి. అన్నిటికంటే ముఖ్యం, ముందు ఎత్తిన బరువు వెనక చక్రాలను తేలిక చేస్తుంది. చాలా ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ముందు ఇరుసు మధ్యలో ఊగేలా ఉంటుంది కాబట్టి పక్కకు ఒరగకుండా నిలబెట్టేదీ వెనక చక్రాలే. అవి తేలికైతే బ్రేకూ పోతుంది, నిలకడా పోతుంది. ట్రాక్టర్ ఎత్తగలిగిందంటే మోయగలదని కాదు, మనం పొరబడింది అక్కడే.

అప్పటినుంచి ట్రాక్టర్ వెనక పనిముట్లు తగిలించే త్రీ పాయింట్ లింకేజీకి కౌంటర్ వెయిట్ (ముందు బరువుకు ఎదురుగా వెనక కట్టే బరువు) లేకుండా తాళం ఇవ్వడం లేదు. కొందరికి ఇది విసుగ్గా ఉందని తెలుసు, అయినా మార్చం. చుట్టను మోసుకెళ్లేటప్పుడు దారి కనిపించేంత కిందికి దించి నెమ్మదిగా వెళ్లాలి, పేర్చే చోటుకు వచ్చి నిలబడ్డాకే పైకెత్తాలి. పైకెత్తి ఉన్నప్పుడు గ్రాపుల్‌ని మరీ వెనక్కి వంచితే చుట్ట జారి లోడర్ చేతుల మీదుగా దొర్లి డ్రైవర్ మీదే పడొచ్చు. ట్రాక్టర్ బోల్తా పడితే కాపాడే రక్షణ చట్రం, సీటు బెల్టు రెండూ తప్పనిసరి. కరెంటు తీగల కింద ఎత్తడం అసలే వద్దు.

హైడ్రాలిక్ పైపు ఒకటి సీజన్ మధ్యలో చెమ్మగిల్లింది, మార్చాం. లీకు ఎక్కడుందో చేత్తో తడిమి చూడొద్దని మళ్లీ చెబుతున్నాం, సన్నటి చిల్లులోంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది, అది ఆపరేషన్ దాకా వెళ్లే గాయం. అట్టముక్క పెట్టి చూడండి. పని అయ్యాక లోడర్‌ని నేలకు ఆనించి, ఇంజన్ ఆపి, లివర్లు కదిపి ప్రెషర్ వదిలాకే హైడ్రాలిక్ పైపులను కలిపే కప్లింగ్‌లు విప్పాలి. గ్రీజు రోజూ పెట్టిన వారాల్లో పిన్నులు ఒక్కసారి కూడా కీచుమనలేదు.

పేర్చడం తేలికైంది కదా అని కొందరు తడి ఆరని చుట్టలనూ షెడ్డులోకి తెచ్చేశారు. తేమ 18 శాతం దాటితే లోపల వేడి పుడుతుంది. 65 డిగ్రీలకు చేరితే రోజూ కొలుస్తూ ఉండాలి, 80 దగ్గర నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. తేమ మీటరు సంఘం దగ్గరే ఉంది, ఉచితంగా తీసుకెళ్లండి.

ఖర్చుల పట్టిక విడిగా ఇస్తున్నాం. వచ్చే సీజన్‌కు లోడర్ కావాల్సినవాళ్లు పేరుతో పాటు మీ చుట్టల కొలత, అంచనా బరువు, పేర్చే చోట నేల చదునా వాలా అన్నది కూడా రాసివ్వండి, వాలు ఉంటే ముందు మేమొచ్చి చూస్తాం.