వార్షిక నివేదిక 2024–25: మన విద్యార్థుల థ్రిల్లర్, దాన్ని మార్చిన ప్రేక్షకులు

గౌరవనీయులైన సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేపట్టిన పనుల నివేదిక ఇది. ప్రతి కార్యక్రమానికీ ఒక పేరా చొప్పున రాయడం మన ఆనవాయితీ. ఈసారి విద్యార్థి విభాగం తీసిన లఘుచిత్రానికే ఎక్కువ చోటు ఇచ్చాను. ఆ సినిమా ఎలా తయారైందో, చూసినవారి మాటలతో ఎలా మారిందో సభ్యులందరూ వివరంగా తెలుసుకోవాలని నా కోరిక. వచ్చే ఏడాదికి నేను పెడుతున్న ప్రతిపాదనకు ఆధారం కూడా అదే.

మిగిలిన పనుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉగాది కవి సమ్మేళనం, వేసవి సంగీత తరగతులు, రక్తదాన శిబిరం, కార్తీక వనభోజనాలు యథావిధిగా జరిగాయి. సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు సభ్యులు బియ్యం, దుప్పట్లు, మంచినీళ్ల సీసాలు సేకరించి పంపారు. హాలు పైకప్పు మరమ్మతు పూర్తయింది. పఠనాలయం వేళలు సాయంత్రం మరో గంట పెరిగాయి.

కథ, చిత్రీకరణ

1936లో నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ నెలకొల్పిన ఊరు మన రాజమహేంద్రవరం. ఆంధ్ర ప్రాంతంలో తొలి సినిమా స్టూడియో అదే. ఇంటర్, డిగ్రీ చదువుతున్న మన పిల్లలు సినిమా తీస్తామని వచ్చినప్పుడు కార్యవర్గంలో కొందరు సందేహించిన మాట నిజమే. ఈ ఊరి పిల్లలకు ఆ కోరిక కలగడం నాకు మాత్రం ఎంతో సంతోషం కలిగించింది.

వారు ఎంచుకున్న కథ ‘డిజిటల్ అరెస్ట్’. ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ లెక్కల టీచరుకు ఒక మధ్యాహ్నం ఫోన్ వస్తుంది. మీ పేరుతో వచ్చిన పార్సిల్‌లో మత్తుమందులు దొరికాయని, మీ ఆధార్‌తో తెరిచిన ఖాతాలో అక్రమ సొమ్ము ఉందని అవతలి మనిషి చెబుతాడు. వెంటనే వీడియో కాల్. తెర మీద పోలీసు దుస్తులు, వెనుక గోడకు పటాలు. కాల్ కట్ చేయకూడదు, ఎవరికీ చెప్పకూడదు, ఉన్న డబ్బంతా ‘పరిశీలన’ కోసం ఫలానా ఖాతాకు పంపాలి. ఈ మోసం నిజజీవితంలోనూ సరిగ్గా ఈ క్రమంలోనే నడుస్తుంది. వీడియో కాల్‌లో మనిషిని అరెస్టు చేసే అధికారం మన చట్టంలో ఎవరికీ లేదు. అరెస్టు, నేర విచారణ పద్ధతులను నిర్దేశిస్తూ 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ అలాంటిది లేదు. ఆ సంగతి తెలియక, తెలిసినా భయంలో గుర్తుకు రాక, ఎందరో పెద్దలు జీవితకాలపు పొదుపు పోగొట్టుకున్నారు.

ఒక గది, ఒక ఫోను, ఇద్దరు నటులు. చేతిలో డబ్బు లేనివారికి ఇంతకంటే అనువైన కథ దొరకదు. టీచరు పాత్రను నాటకాల్లో అనుభవం ఉన్న మన సభ్యురాలు ఒకరు వేశారు. గోదావరి గట్టుకు దగ్గరలోని ఒక పాత పెంకుటింట్లో చిత్రీకరణ జరిగింది. కెమెరా కూడా ఫోనే. మొదటి రోజు తీసిన దృశ్యాల్లో ట్యూబ్‌లైటు వెలుగు అలలు అలలుగా కదిలింది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులతో వస్తుంది కాబట్టి, షట్టర్ వేగాన్ని సెకనులో 50వ వంతుకు కుదిర్చాక ఆ కదలిక ఆగింది. చప్పుడు పడకూడదని ఫ్యాను ఆపేస్తే ఆ సభ్యురాలు చెమటలోనే నటించారు. ఆ చెమట తెర మీద భయంగా కనిపించింది. వంతెన మీద రైలు వెళ్లిన ప్రతిసారీ టేకు ఆగిపోయేది. చివరికి పిల్లలు ఆ శబ్దాన్ని కథలోకే తీసుకున్నారు. రైలు చప్పుడు వినిపించినప్పుడు, ఇంట్లో ఇంకెవరు ఉన్నారని అవతలివాడు గద్దిస్తాడు.

నకిలీ వారెంటు తయారు చేయడంలో వారు చూపిన జాగ్రత్తను ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. జాతీయ చిహ్నం దుర్వినియోగాన్ని నిషేధించే 2005 నాటి చట్టం ఒకటుంది. దాన్ని చదివి, నాలుగు సింహాల బొమ్మ వాడకుండా సొంతంగా ఒక గుండ్రటి ముద్ర గీసుకున్నారు. దూరం నుంచి చూస్తే ఎవరైనా నమ్మే ముద్ర అది.

మరో మంచి నిర్ణయం, వీడియో కాల్‌ను నిజంగానే కలపడం. మోసగాడి పాత్ర వేసిన విద్యార్థి పక్క గదిలో కూర్చుని మాట్లాడుతుంటే, టీచరు తన ముందు మంచినీళ్ల చెంబుకు ఆనించిన ఫోన్‌లో అతన్ని చూస్తూ జవాబు చెప్పారు. ఒక టేకులో నెట్‌వర్క్ పోయింది. అతని ముఖం తెర మీద బిగుసుకుపోయింది. మన సభ్యురాలు పాత్ర వదలకుండా కదలక మెదలక కూర్చున్నారు. కాల్ తెగిపోయింది, తలుపు తీసే ఉంది, పక్కింటివారి మాటలు వినిపిస్తున్నాయి. అయినా ఆమె లేవరు. పైటకొంగుతో ఫోన్ అద్దం తుడిచి, అతను మళ్లీ రావడం కోసం ఎదురుచూస్తారు. సినిమా మొత్తానికి ప్రాణం ఆ అర నిమిషమే. దాన్ని ఎవరూ ముందుగా రాయలేదు.

తొలి ప్రదర్శనలు

వేసవిలో రాసిన కథలో అసలు గుట్టు చివరి నిమిషంలో బయటపడేది. అవతలివాడు పోలీసు కాదని అప్పటిదాకా ప్రేక్షకులకు తెలియకూడదు. కథ రాసేనాటికి డిజిటల్ అరెస్ట్ అన్న మాట చాలామందికి కొత్త. షూటింగ్ ముగిసి ఎడిటింగ్ మొదలయ్యేసరికి పరిస్థితి మారిపోయింది. 2024 అక్టోబరు 27న ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ మోసం గురించే చెబుతూ ఆగండి, ఆలోచించండి, చర్య తీసుకోండి అన్నారు. పత్రికల్లో రోజూ అవే వార్తలు. కొన్నాళ్లకు ఎవరికి ఫోన్ చేసినా ముందు సైబర్ మోసాల హెచ్చరికే వినిపించసాగింది.

నవంబరులో రఫ్ కట్‌ను, అంటే ఇంకా తుదిరూపం ఇవ్వని తొలి కూర్పును, మన హాల్లో పెద్దలకు వేసి చూపించాం. కాల్ కలిసిన నిమిషానికే రెండో వరుసలోంచి ఒకావిడ “వాడు దొంగ, పెట్టేయండమ్మా!” అని గట్టిగా అన్నారు. పిల్లలు అంత శ్రద్ధగా దాచిన గుట్టు హాలు మొత్తానికి ముందే తెలుసు. అయితే ఆ తర్వాత ఎవరూ లేచి వెళ్లలేదు, ఫోన్లు తీయలేదు. ఆమె పెట్టేస్తారా, పెట్టేయరా అన్న ఆందోళనతోనే చివరిదాకా చూశారు.

అదే రఫ్ కట్‌ను ఒక కళాశాలలో వేసినప్పుడు వేరే సమస్య ఎదురైంది. టీచరు కంగారుపడిన మొదటి సన్నివేశంలోనే కుర్రవాళ్లు నవ్వారు. ఇంత తేలికగా ఎలా నమ్మేస్తారన్నది వారి ప్రశ్న. మన పిల్లలు చాలా బాధపడ్డారు. ఆ నవ్వును నేను తప్పుపట్టను. ఆ కూర్పులో టీచరు అమాయకురాలిలాగే కనిపించారు. మోసపోయినవారు తెలివితక్కువవారన్న అభిప్రాయాన్ని సినిమాయే వారి చేతికి అందించింది.

ఈ రెండు ప్రదర్శనల్లోనూ మన విద్యార్థిని ఒకరు తెరకు వీపు పెట్టి, ప్రేక్షకుల వైపు తిరిగి కూర్చున్నారు. ఎన్నో నిమిషంలో తలలు పక్కకు తిరిగాయి, ఎక్కడ ఫోన్ వెలుగులు కనిపించాయి, ఎక్కడ హాలు నిశ్శబ్దమైంది అన్నీ చిన్న పుస్తకంలో రాసుకున్నారు. మధ్యలో ఒకచోట సినిమా ఆపి, తర్వాత ఏం జరుగుతుందని అనుకుంటున్నారో చీటీల మీద రాయించారు. బాగుందా అని అడిగితే మన ఊళ్లో ఎవరూ బాగోలేదని చెప్పరు. తర్వాత ఏమవుతుందని అడిగితే మాత్రం చూసేవారి మనసులో ఉన్నది తెలుస్తుంది.

రెండో కూర్పు

1962లో ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా ట్రుఫోతో మాట్లాడుతూ, థ్రిల్లర్లకు పేరుపొందిన దర్శకుడు ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ఒక ఉదాహరణ చెప్పాడు. ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుంటే బల్ల కింద బాంబు హఠాత్తుగా పేలితే ప్రేక్షకుడికి కలిగేది 15 సెకన్ల ఆశ్చర్యం. బాంబు అక్కడ ఉందని ప్రేక్షకుడికి ముందే తెలిసి, మాట్లాడుకుంటున్నవారికి తెలియకపోతే 15 నిమిషాల ఉత్కంఠ. పిల్లలు ఇది ముందే చదివారు. మన హాల్లో రెండో వరుసలోని ఆ కేక విన్న తర్వాతే వారికి అది నిజంగా అర్థమైంది.

వారు సినిమాను మళ్లీ కూర్చారు. కొత్త కూర్పు ఒక ఇరుకు గదిలో మొదలవుతుంది. ఒక కుర్రాడు పోలీసు స్టేషన్ బొమ్మ ముద్రించిన గుడ్డను గోడకు మేకులతో బిగించి, చొక్కా మీద నక్షత్రాలు సరిచేసుకుని, నడుము కింద లుంగీతోనే కుర్చీలో కూర్చుంటాడు. ఫోన్ డయల్ చేస్తాడు. ఇక దాచడానికి ఏమీ లేదు. చూసేవారికి అంతా తెలుసు, టీచరుకు తెలియదు.

టీచరు పాత్ర కూడా మారింది. కొత్తగా తీసిన దృశ్యాల్లో ఆమె ఎదురు ప్రశ్నలు వేస్తారు. పార్సిల్ ఏ తేదీన వచ్చిందని, కేసు నంబరు ఎంతని, ఏ స్టేషన్ అని అడుగుతారు. ప్రతి ప్రశ్నకూ అతని దగ్గర జవాబు ఉంటుంది. ఆమె ఆధార్ చివరి అంకెలు, పింఛను పడే బ్యాంకు శాఖ అతను ముందే తెలుసుకున్నాడు. ఆమెను లొంగదీసింది తెలివితక్కువతనం కాదు, ఎవరితోనూ మాట్లాడనివ్వని ఒంటరితనం. ఈ మార్పు తర్వాత అదే కళాశాలలో మళ్లీ వేస్తే ఎవరూ నవ్వలేదు.

కొత్త కూర్పులోని అన్నిటికంటే బలమైన సన్నివేశం ఒక ప్రేక్షకుడు ఇచ్చినది. తొలి ప్రదర్శన తర్వాత బ్యాంకులో పనిచేసి రిటైరైన సభ్యుడు ఒకరు లేచి, ఇలాంటి డబ్బు చాలాసార్లు కౌంటర్ దగ్గరి నుంచే వెళుతుందని చెప్పారు. అంత పెద్ద మొత్తం ఎవరికి పంపుతున్నారని గుమస్తా అడుగుతాడు. చేతిసంచిలోని ఫోన్‌లో కాల్ ఇంకా నడుస్తూనే ఉంటుంది. అవతలివాడు నేర్పిన ప్రకారం మా బంధువులకని పెద్దలు జవాబు చెబుతారు. గుమస్తా ఇంకొక్క ప్రశ్న వేస్తే డబ్బు ఆగుతుంది, వేయకపోతే పోతుంది. పిల్లలు దీన్ని ఉన్నదున్నట్టు తీశారు. సంచి జిప్పు మధ్యలోంచి కనిపించే ఫోను వెలుగు, కౌంటర్ అద్దం వెనుక సంతకం కోసం ఆగిన కాగితం, గుమస్తా మెల్లగా పైకెత్తిన కళ్లు. ఈ కొత్త కూర్పును ఫిబ్రవరిలో వేసినప్పుడు ఆ చోట హాల్లో ఊపిరి శబ్దం కూడా వినిపించలేదు.

ఫిబ్రవరిలో సినిమా మొదలయ్యాక తలుపులు మూసినందుకు కొందరు సభ్యులు నొచ్చుకున్నారు. తొలి నిమిషంలోనే అసలు సంగతి తెలుస్తుంది కాబట్టి అది చూడనివారికి మిగతా సినిమా అందదు. 1960లో ‘సైకో’ విడుదలైనప్పుడు ఆట మొదలైన తర్వాత ఎవరినీ లోపలికి పంపవద్దని హిచ్‌కాక్ థియేటర్లకు నిబంధన పెట్టాడు. ఇకపై మన హాల్లోనూ ఇదే పద్ధతి పాటించాలని కోరుతున్నాను. ఫోన్‌లో వచ్చే మాటలు సరిగా వినిపించలేదని పెద్దలు చెప్పినందువల్ల ఆ సంభాషణలను తెలుగు అక్షరాల్లో తెర మీద వేయించాం.

ఈ సినిమా యువత కోసమని పిల్లలు మొదట అనుకున్నారు. దాన్ని గుండెలకు హత్తుకున్నది అరవై దాటినవారు. ప్రదర్శన ముగిశాక ఇంటికి వెళ్లకుండా గుంపులుగా నిలబడి తమకు వచ్చిన ఫోన్ల గురించి చెప్పుకున్నది వారే. సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930ని హాలు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయించమని అడిగింది కూడా వారే. రాయించాం. డబ్బు పోయిందని గుర్తించిన వెంటనే ఆ నంబరుకు చెబితే, సొమ్ము చేతులు మారేలోగా ఖాతాను నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఆలస్యమైన కొద్దీ ఆ అవకాశం తగ్గిపోతుంది. మీ ఇంట్లో పెద్దలకు ఈ సంగతి దయచేసి ఇవాళే చెప్పండి.

జమాఖర్చులు, ప్రతిపాదనలు

ఆడిటర్ సంతకం చేసిన జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది. సినిమా ఖర్చులో ఎక్కువ భాగం మైకులకు, భోజనాలకు అయింది. మైకులు సంఘం ఆస్తిగా బీరువాలో ఉన్నాయి. సభ్యులెవరైనా పుస్తకంలో సంతకం చేసి తీసుకోవచ్చు.

వచ్చే ఏడాది కెమెరా కొనాలని కార్యవర్గానికి ఒక సూచన వచ్చింది. నేను దానితో ఏకీభవించడం లేదు. పిల్లలకు కెమెరా కొరత రాలేదు. పూర్తికాని సినిమాను కూర్చుని చూసి, మనసులో ఉన్నది చెప్పే ప్రేక్షకులు వారికి కావాలి. ఆ పని ఈ ఊళ్లో మన సంఘం చేయగలిగినంతగా ఇంకెవరూ చేయలేరు. అందువల్ల కెమెరాకు అనుకున్న మొత్తాన్ని రఫ్ కట్ దశలోని ప్రదర్శనలకు కేటాయించాలని ప్రతిపాదిస్తున్నాను. పెద్దలకు మధ్యాహ్నం పూట ఒకటి, కళాశాలల్లో ఒకటి, బ్యాంకు ఉద్యోగులకు ఒకటి తప్పనిసరిగా జరగాలి. ప్రతి ప్రదర్శనలోనూ ప్రేక్షకుల వైపు తిరిగి కూర్చుని రాసుకునే విద్యార్థి ఒకరు ఉండాలి. సర్వసభ్య సమావేశంలో దీనిపై చర్చించి, చేతులెత్తి నిర్ణయం తీసుకుందాం.

సినిమాకు ఇంకా పేరు పెట్టలేదు. మొదట అనుకున్న పేరు కొత్త కూర్పుకు సరిపోలేదు. సభ్యులు తమకు తోచిన పేర్లను చీటీల మీద రాసి, సమావేశానికి ముందు పఠనాలయంలోని పెట్టెలో వేయవలసిందిగా కోరుతున్నాను. పేరును విద్యార్థి విభాగమే ఎంపిక చేస్తుంది.

ఇట్లు,
కార్యదర్శి