జ్వరం వస్తే సొంత వైద్యం వద్దు

అందరికీ నమస్కారం. మన అపార్ట్‌మెంట్‌లో డెంగీ కేసులు మొదలయ్యాయి. కొందరు మెడికల్ షాపులో అడిగి ఒళ్లునొప్పుల మాత్రలు తెచ్చుకుంటున్నారు. దయచేసి ఆపండి.

డెంగీలో ఐబూప్రొఫెన్, డైక్లోఫినాక్, ఆస్పిరిన్ వేసుకుంటే రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. జ్వరానికి పారాసెటమాల్ చాలు, అదీ ఆరేసి గంటల తేడాతో. యాంటీబయాటిక్స్ వైరస్ మీద పనిచేయవు. పక్కింటివాళ్ల చీటీ చూసి అసలే కొనొద్దు.

జ్వరం తగ్గగానే ఊరుకోకండి, ఎక్కువ జాగ్రత్త అప్పుడే కావాలి. తీవ్రమైన కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బస్తీ దవాఖానాలో డాక్టర్‌కి ఉచితంగా చూపించుకోవచ్చు.

ఆదివారం ఉదయం 10 గంటలకు కూలర్లు, కుండీల పళ్లేల్లో నీళ్లు పారబోయండి. ఒంటరిగా ఉంటున్న పెద్దవాళ్లు జ్వరమొస్తే మొహమాటపడకుండా గ్రూప్‌లో చెప్పండి, తీసుకెళ్తాం.